యమహా యు1, కవాయ్ కె-300: మన ఇళ్లకు తగిన అప్‌రైట్ పియానో ఏది?

పిల్లలు ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద రెండు మూడు గ్రేడ్లు పూర్తి చేసిన తర్వాత, ఇక అసలైన పియానో మీద సాధన చేయవలసిందేనని మాస్టారు చెప్పిన ఇళ్లలో మొదలయ్యే వెతుకులాట చాలావరకు రెండు మోడళ్ల దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒకటి యమహా యు1, రెండవది కవాయ్ కె-300. రెండూ అప్‌రైట్‌లు, అంటే తీగలు నిలువుగా ఉండి గోడ పక్కన నిలబెట్టే పియానోలు. చిన్న కారు కొనగలిగినంత సొమ్ము పెట్టి, దశాబ్దాల పాటు ఇంట్లో ఉంచుకొనే వస్తువు కనుక, పేరు విని కొనేయడం తెలివైన పని కాదు. మా అమ్మాయి కోసం హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాల్లోని దుకాణాల్లో ఈ రెండింటినీ, అదే శ్రేణిలోని మరికొన్నింటినీ వాయించి, వాయింపించి, మూతలు తెరిపించి చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. కొత్తది కొనేవారికి, అందులోనూ టైల్స్ పరచిన నేల, ఖాళీ గోడలు ఉన్న మన హాళ్లలో పెట్టుకొనేవారికి, కవాయ్ కె-300 మేలు. పాతది కొనదలచినవారికి, చూసిపెట్టే నమ్మకమైన ట్యూనర్ (పియానో శ్రుతి చేసే నిపుణుడు) తోడుగా ఉంటే, 131 సెంటీమీటర్ల ఎత్తున్న యమహా యు3 ఈ రెండు కొత్తవాటికన్నా కూడా మేలు. కొత్త యు1 నిస్సందేహంగా మంచి వాద్యమే. దాని విషయంలో నాకున్న అభ్యంతరమల్లా మన గదులకు, దాని నాదానికి పొసగకపోవడం గురించే.

రెండు కంపెనీలదీ ఒకే ఊరు. జపాన్‌లోని హమమత్సులో తొరకుసు యమహా 1887లో రీడ్ ఆర్గన్‌తో పని మొదలుపెట్టాడు. ఆయన సంస్థ 1900లో తన మొదటి అప్‌రైట్ పియానోను తయారుచేసింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న కొయిచి కవాయ్ 1927లో విడిగా సొంత సంస్థ పెట్టుకున్నాడు. కొలతల్లో కూడా ఈ దగ్గరితనం కనిపిస్తుంది. యు1 ఎత్తు 121 సెంటీమీటర్లు, వెడల్పు 153, లోతు 62, బరువు 228 కిలోలు. కె-300 ఎత్తు 122, వెడల్పు 149, లోతు 61, బరువు 227 కిలోలు. తీగల కంపనాన్ని ధ్వనిగా పెంచే వెనుక పలక, అంటే సౌండ్‌బోర్డు, రెండింటికీ స్ప్రూస్ చెక్కదే, అదీ పొరలు అతికించినది కాక అసలు చెక్క. కాబట్టి దుకాణంలో ఇచ్చే కరపత్రాలు పక్కపక్కన పెట్టుకొని చదివితే తేలేది ఏమీ ఉండదు. వాయించి చూస్తేనే తేడా తెలుస్తుంది.

అంతకన్నా ముందు ఎత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది డబ్బు తగ్గించుకొనేది ఇక్కడే. అప్‌రైట్ పియానోలో తీగలు నిలువుగా, మంద్రస్థాయి తీగలు మిగిలినవాటి మీదుగా ఏటవాలుగా సాగుతాయి. పెట్టె ఎత్తు పెరిగేకొద్దీ ఆ తీగల పొడవు, సౌండ్‌బోర్డు వైశాల్యం రెండూ పెరుగుతాయి. వేళ్లతో నొక్కే 88 మెట్లలో (కీలలో) అన్నింటికన్నా కిందిది సెకనుకు 27.5 కంపనాలతో పలకాలి. అంత తక్కువ స్వరాన్ని పొట్టి తీగతో పలికించాలంటే, ఉక్కు తీగకు రాగి చుట్టి బరువు పెంచడం తప్ప మార్గం లేదు. లావుగా, పొట్టిగా ఉన్న తీగ బిరుసుగా ఉంటుంది కనుక దాని అనుస్వరాలు (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) పడవలసిన చోట పడక కొంచెం పైకి జరుగుతాయి. 109 సెంటీమీటర్ల యమహా బి1 గానీ, 114 సెంటీమీటర్ల కవాయ్ కె-200 గానీ చేతికి బాగానే అనిపిస్తాయి, పై స్థాయిలో ముచ్చటగానే పలుకుతాయి; కానీ ఎడమచేతి చివరి స్థాయిలో ఒక స్వరానికీ పక్క స్వరానికీ తేడా చెవికి స్పష్టంగా అందదు, గంభీరంగా మోగవలసిన చోట ఒక రకమైన మసక ధ్వని వస్తుంది. అయిదారేళ్లు గట్టిగా నేర్చుకోదలచినవారు 120 సెంటీమీటర్లకు తగ్గకూడదని నా అభిప్రాయం. స్థలం లేదన్న మాట ఇక్కడ చెల్లదు. పొట్టి పియానో కూడా నేల మీద ఇంచుమించు అంతే చోటు తీసుకుంటుంది. మిగిలేది గోడ మీద అర జానెడు మాత్రమే.

ఇక వాయించి చూడడం. దుకాణాల్లో సాధారణంగా జరిగేదేమిటంటే, అమ్మకందారు కుడి పెడల్ నొక్కిపట్టి ఏదో సినిమా పాట పల్లవి జోరుగా వాయిస్తాడు. అలా వాయిస్తే ఏ పియానో అయినా గొప్పగానే వినిపిస్తుంది. నాణ్యత బయటపడేది మెత్తగా వాయించినప్పుడు. ముందుగా మధ్య స్థాయిలో ఏదో ఒక మెట్టును, శబ్దం రానంత నెమ్మదిగా, వేలి కొనతో అదిమి చూడాలి. మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. ఆ దిగుడు చివరికి వచ్చేసరికి వేలికి చిన్న అడ్డు తగిలి, దాటిపోయినట్టు తెలుస్తుంది. తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో సుత్తిని వదిలేసి, అది వెనక్కి రావడానికి వీలు కల్పించే ఏర్పాటు అక్కడ పనిచేస్తుంది. పై మూత తెరిచి, పక్కన ఒకరిని మెట్టు నొక్కమని, సుత్తి తీగ దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరగడం కంటితో చూడవచ్చు. ఆ అడ్డు ఒక మెట్టులో ముందు, ఇంకొక మెట్టులో వెనుక, మరొకదానిలో అసలే తెలియకుండా ఉంటే, ఆ పియానోను ఎవరూ సరిగా రెగ్యులేట్ చేయలేదని, అంటే మెట్ల, సుత్తుల కదలికను సరిదిద్దలేదని అర్థం. ఆ తర్వాత అడుగు నుంచి పైదాకా 88 మెట్లనూ వరసగా, ఒకే మెత్తదనంతో, పెడల్ లేకుండా వాయించాలి. కొన్ని పలకకుండా పోతాయి, కొన్ని ఉలిక్కిపడినట్టు గట్టిగా మోగుతాయి. మంచి పియానోలో అలాంటివి దాదాపు ఉండకూడదు.

నేను చూసిన కె-300లు ఈ పరీక్షలో తడబడలేదు. యు1లలో ఒకటి చాలా బాగుంది; మరొక దుకాణంలో ఉన్నది, పెట్టెలోంచి తీసి శ్రుతి కూడా చేయకుండా నిలబెట్టినది కావడం వల్ల, దాని గురించి ఏమీ తేల్చుకోలేకపోయాను. ఇంటికి పంపిన తర్వాత ట్యూన్ చేయిస్తామని అక్కడివారు చెప్పారు గానీ, లక్షలు పోసి కొనేవాడు శ్రుతి తప్పిన వాద్యాన్ని విని నిర్ణయం తీసుకోవాలనడం న్యాయం కాదు. వెళ్లే ముందు ఫోన్ చేసి, ఫలానా పియానోను ట్యూన్ చేయించి ఉంచమని అడగండి. అది కూడా చేయని దుకాణం, అమ్మిన తర్వాత సేవ చేస్తుందని ఆశించడం కష్టం.

మరొక కీలకమైన చోటు, రాగి చుట్టిన తీగలు ముగిసి మామూలు ఉక్కు తీగలు మొదలయ్యే ప్రాంతం. మెట్ల వరస నడుమ ఉండే 'సి' స్వరానికి దిగువన, ఎడమచేతి వైపు ఉంటుంది. అక్కడ ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు పోయేటప్పుడు కంఠస్వరమే మారిపోయినట్టు అనిపిస్తే, వాయించేవారికి ఆ లోపం జీవితాంతం వినిపిస్తూనే ఉంటుంది. ఏ ట్యూనరూ దాన్ని పూర్తిగా సరిచేయలేడు, ఎందుకంటే అది తీగల రూపకల్పనలోనే ఉన్న లోపం. యు1, కె-300 రెండూ ఈ అతుకును చక్కగా దాచాయి. కె-300లో మరికాస్త నేర్పు కనిపించింది. పైన చివరి ఒకటిన్నర స్థాయి మెట్లకు ఏ పియానోలోనూ డాంపర్లు (వేలు తీయగానే తీగను ఆపే ఫెల్టు దిమ్మలు) ఉండవు, అందువల్ల అక్కడ స్వరం వేలు తీసినా మోగుతూ ఉండడం దోషం కాదు. అయితే ఆ స్వరాల్లో కర్ర మీద కొట్టిన టకటక శబ్దమే ఎక్కువగా వినిపిస్తే మాత్రం అనుమానించాలి.

వేగంగా ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ వాయించడంలో ఏ అప్‌రైట్ అయినా, తీగలు అడ్డంగా పరచి ఉండే గ్రాండ్ పియానోతో సమానం కాదన్నది కొనేముందే తెలుసుకోవడం మంచిది. గ్రాండ్‌లో సుత్తి పైకి లేచి తన బరువుతోనే కిందికి పడుతుంది. పైగా సెబాస్టియన్ ఎరార్ రూపొందించగా 1821లో పేటెంట్ అయిన ఏర్పాటు వల్ల, మెట్టు పూర్తిగా పైకి రాకముందే రెండవసారి కొట్టవచ్చు. అప్‌రైట్‌లో సుత్తి ముందుకు కదిలి, స్ప్రింగు, పట్టీల సాయంతో వెనక్కి రావాలి. మెట్టు దాదాపు పూర్తిగా లేచిన తర్వాతే మరో దెబ్బకు సిద్ధమవుతుంది. ఎడమ పెడల్ కూడా అంతే. గ్రాండ్‌లో అది మొత్తం యంత్రాంగాన్ని పక్కకు జరిపి నాదం రంగునే మారుస్తుంది, అప్‌రైట్‌లో సుత్తులను తీగలకు దగ్గర చేసి ధ్వనిని తగ్గిస్తుంది. ఈ రెండు మోడళ్లలోనూ నడిమి పెడల్ సుత్తులకు, తీగలకు మధ్య పలుచని ఫెల్టు తెర దించేది మాత్రమే. అపార్టుమెంటులో రాత్రిపూట సాధనకు దాని ఉపయోగం తక్కువేమీ కాదు. ఉన్నత స్థాయి గ్రేడ్లకు వచ్చేవరకు విద్యార్థికి ఇవేవీ పెద్ద అడ్డంకి కావు.

ఇప్పుడు నాదం. యమహా నాదం తేటగా, తళుకుగా, గది చివరిదాకా దూసుకుపోయేలా ఉంటుందని, కవాయ్ నాదం గుండ్రంగా, కొంచెం ముదురుగా ఉంటుందని వాయించేవారు సాధారణంగా చెబుతారు. నా చెవికి కూడా అలాగే వినిపించింది. ఇందులో ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ అనేదేమీ లేదు. తివాచీలు, బరువైన తెరలు, పుస్తకాల అరలు ఉన్న గదిలో తళుకైన నాదమే హాయిగా ఉంటుంది. మన హాళ్లు అలాంటివి కావు. కింద నున్నటి టైల్స్ లేదా గ్రానైట్, చుట్టూ సిమెంటు పూసి రంగు వేసిన గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, ఒక పక్క గాజు తలుపుల షోకేసు. చప్పట్లు కొడితే ప్రతిధ్వని వచ్చే అలాంటి గదిలో యు1ను జోరుగా వాయిస్తే, అరగంటలో చెవులు అలసిపోతాయి. వాయించే పిల్లవాడికి తెలియకుండానే చేయి వెనక్కి లాక్కోవడం అలవాటవుతుంది. ఇదే యు1 చెన్నైలో తివాచీ పరచిన ఒక షోరూములో ఎంతో ఇంపుగా వినిపించింది కనుక, దుకాణంలో విన్నదాన్ని ఇంటి గదికి అన్వయించుకొని వినాలి. యు1 మీదే మనసు పడ్డవారు నిరాశ పడనక్కరలేదు. సుత్తుల ఫెల్టును సూదులతో గుచ్చి మెత్తబరిచే వాయిసింగ్ అనే పనితో తళుకును తగ్గించవచ్చు. పియానో కింద, వెనుక మందపాటి తివాచీ, తెర వేసినా చాలా తేడా వస్తుంది. అయితే వాయిసింగ్ తెలిసిన చేతులు మన రాష్ట్రాల్లో అరుదు, తెలియని చేతులు సుత్తులను పాడుచేస్తాయి. మొదటినుంచే మృదువుగా ఉన్నదాన్ని కొనుక్కోవడంలో ఉన్న సుఖం అదే.

తేమ విషయంలో కవాయ్ చెప్పుకొనే ప్రత్యేకత ఒకటి ఉంది. మెట్టుకు, సుత్తికి మధ్య ఉండే చిన్న చిన్న భాగాలను చాలామంది చెక్కతో చేస్తుంటే, కవాయ్ 1970ల నుంచి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తోంది. ఇప్పుడు కార్బన్ కలిపిన ఏబీఎస్ వాడుతూ దానికి మిలీనియం 3 అని పేరు పెట్టింది. ప్లాస్టిక్ అనగానే ముఖం చిట్లించేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు, ఒక దుకాణంలో యమహా అమ్మే అతను దీన్ని ఎగతాళిగానే ప్రస్తావించాడు. కానీ వానాకాలంలో చెక్క ఉబ్బి, ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోయే ప్రదేశంలో, కొలత మారని పదార్థం వాడడం ఎగతాళి చేయవలసిన విషయం కాదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, పైగా ఉప్పుగాలి తీగలను తుప్పు పట్టిస్తుంది. హైదరాబాద్‌లో కష్టం మరో రకం. మే నెల మధ్యాహ్నం గాలి పొడిపొడిగా ఉండి, రెండు నెలలు తిరగకుండానే ముసురు పడుతుంది. పియానోకు నిలకడైన తేమ కన్నా ఈ హెచ్చుతగ్గులే ఎక్కువ హాని చేస్తాయి. సౌండ్‌బోర్డు తేమకు ఉబ్బి తీగలను మరింత బిగదీస్తుంది కనుక వర్షాకాలంలో శ్రుతి పైకి పోతుంది, ఎండలకు కిందికి దిగుతుంది. ఈ తేడా మధ్య స్థాయి స్వరాల్లో ఎక్కువగా తెలుస్తుంది.

అయితే కవాయ్ ప్రకటనను ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. ప్లాస్టిక్ అయినవి యంత్రాంగంలోని భాగాలు మాత్రమే. మెట్లు చెక్కవే, వాటి కింద పిన్నుల చుట్టూ ఉండే బుషింగులు ఉన్ని గుడ్డవే, సౌండ్‌బోర్డు చెక్కదే. అందువల్ల ముసురు రోజుల్లో మెట్టు కిందికి దిగి పైకి లేవకపోవడం కె-300లోనూ జరగవచ్చు. శ్రుతి నిలవడంలో యు1 కన్నా దానికి ప్రత్యేకమైన సౌలభ్యమేమీ లేదు. దేన్ని కొన్నా గదిలో తేమను చూపే చిన్న మీటరు ఒకటి పెట్టుకొని, సాధ్యమైనంతవరకు 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. తీరప్రాంతం వారు పియానో లోపల అమర్చే తేమ నియంత్రణ పరికరం గురించి ట్యూనర్‌తో మాట్లాడడం మంచిది. ఏసీ రోజూ నాలుగు గంటలు వేసి ఆపేయడం కన్నా అసలు వేయకపోవడమే నయం. సుత్తుల ఫెల్టు ఉన్ని కనుక చిమ్మెటలకు, ఎలుకలకు ఇష్టం. ఏడాదికి రెండుసార్లయినా కింది పలక తీసి లోపల చూడాలి.

పాత పియానోల సంగతికి వస్తే, మన మార్కెట్లో రెండు రకాలు కనిపిస్తాయి. మొదటివి బ్రిటిష్ కాలం నాటివి. పాత బంగళాల్లో, చర్చిల్లో, క్లబ్బుల్లో మిగిలిపోయిన ఈ ఇంగ్లీషు పియానోలు చూడడానికి అందంగా ఉంటాయి, వాటి కొవ్వొత్తి స్తంభాలకు, చెక్కడపు పనికి ఎవరైనా ముగ్ధులవుతారు. నేర్చుకొనేవారికి మాత్రం అవి పనికిరావు. చాలావాటిలో డాంపర్లు సుత్తులకు పైన ఉండే పాత ఏర్పాటు ఉంటుంది, అది స్వరాన్ని శుభ్రంగా ఆపలేదు. తీగలు బిగించే పిన్నులను పట్టి ఉంచే చెక్క దిమ్మ, అంటే పిన్‌బ్లాక్, ఎండిపోయి పిన్నులు నిలవవు. నేటి ప్రమాణమైన 440 కంపనాల 'ఎ'కు బిగిస్తే తీగలు తెగడమో, చట్రం పగలడమో జరగవచ్చు. ఉచితంగా ఇచ్చినా ఆలోచించుకోవలసిన వస్తువులవి.

రెండవవి జపాన్ నుంచి దిగుమతి అయ్యే పాత యమహాలు, కవాయ్‌లు. యు3 నాకు నచ్చింది ఇక్కడే. 131 సెంటీమీటర్ల ఎత్తు వల్ల దాని మంద్రస్థాయి కొత్త యు1 కన్నా స్పష్టంగా గంభీరంగా ఉంటుంది. పాతబడిన సుత్తులు సరిగా సానపట్టించి, వాయిసింగ్ చేయిస్తే తళుకు కూడా అదుపులోకి వస్తుంది. మూత తెరిస్తే లోపల ఇనుప చట్రం మీద సీరియల్ నంబరు కనిపిస్తుంది, దాన్నిబట్టి తయారైన సంవత్సరం తెలుసుకోవచ్చు. యు3హెచ్, యు1హెచ్ అని రాసి ఉన్నవి 1970ల నాటివి. అంత పాతది కొనవచ్చా అంటే, సంవత్సరం కన్నా అది గడిపిన జీవితం ముఖ్యం. జపాన్ గాలికి తగినట్టు ఆరబెట్టిన చెక్కతో చేసిన పియానోలు పొడిగా ఉండే ఇళ్లలో చీలికలు పట్టవచ్చని అమెరికాలో యమహా కంపెనీయే కొనుగోలుదారులను హెచ్చరించింది. పాతవాటి వ్యాపారులు దీన్ని ఒప్పుకోరు. అమెరికాలోని తెలుగువారు చలికాలపు హీటర్ల వల్ల, మన అనంతపురం, హైదరాబాద్ వాసులు ఎండాకాలం వల్ల ఈ హెచ్చరికను పూర్తిగా కొట్టిపారేయకూడదు. పాత పియానో అమ్మేవారు పాలిషు మీద చూపే శ్రద్ధ లోపల చూపరు. అద్దంలా మెరిసే నల్లని పెట్టెను పట్టించుకోకుండా, ముందు పలక తీయించి సుత్తుల కొనలు చూడాలి. తీగల గుర్తులు లోతైన గాళ్లుగా పడి ఉంటే సుత్తులు అరిగిపోయినట్టే. తీగల మీద తుప్పు, రాగి చుట్లు నల్లబడడం, సౌండ్‌బోర్డులో చీలిక, ఇవన్నీ టార్చిలైటుతో కనిపిస్తాయి. పిన్‌బ్లాక్ పట్టు మాత్రం కంటికి కనిపించదు. ట్యూనర్ తన తాళంచెవితో నాలుగైదు పిన్నులు తిప్పి చూస్తేనే తెలుస్తుంది. కొనేముందు ఆయనకు ఫీజు ఇచ్చి తీసుకువెళ్లడం ఈ వ్యవహారం మొత్తంలో అన్నింటికన్నా లాభసాటి ఖర్చు. ఆ ట్యూనర్ దుకాణదారు మనిషి కాకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ట్యూనర్ గురించి ఇంకొక మాట. పియానోలో సుమారు 220 తీగలు, అన్నీ కలిసి ఇనుప చట్రం మీద 18 నుంచి 20 టన్నుల లాగుడు ఉంటుంది. హార్మోనియం బాగుచేసే ఆయన ఎంత నిపుణుడైనా ఇది ఆయన పని కాదు. ట్యూనింగ్, రెగ్యులేషన్, వాయిసింగ్ మూడు వేర్వేరు పనులు. ఎవరైనా వచ్చి గంటలో అన్నీ అయిపోయాయంటే ఏదీ జరగలేదనుకోవచ్చు. ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించాలి, వర్షాలు తగ్గాక ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఒకసారి. కొత్త పియానోకు తీగలు సాగుతాయి కనుక మొదటి ఏడాది ఇంకా ఎక్కువసార్లు కావాలి. చిన్న పట్టణాల్లో ఉన్నవారు ట్యూనర్‌ను నగరం నుంచి రప్పించుకోవలసి ఉంటుంది కాబట్టి, పియానో ధర అడిగే ముందు మీ ఊరికి ఎవరు వస్తారు, రానుపోను ఖర్చుతో ఎంత తీసుకుంటారు అనేది అడగండి. దుకాణం ఉచితంగా ఇచ్చే మొదటి ట్యూనింగ్‌ను పియానో దించిన రోజే కానిచ్చేయడానికి చూస్తారు. మీ ఇంటి గాలికి అలవాటు పడేలా మూడు నాలుగు వారాలు ఆగిన తర్వాతే చేయించుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

ఇంటికి తేవడం గురించి దుకాణాలు తేలికగా మాట్లాడతాయి గానీ, ఆరుగురు పట్టే లిఫ్టు మోయగలిగేది 408 కిలోలు; పియానో, ఇద్దరు మనుషులు కలిస్తే బరువు సరిపోయినా, మీటరున్నర పొడవు అందులో అడ్డంగా పట్టదు. మేడమెట్ల మలుపుల కొలతలు ముందే తీసి పంపండి. బయటి గోడకు, వంటగది గోడకు, ఎండ పడే కిటికీకి దూరంగా, గోడకు కొంచెం ఎడంగా నిలబెట్టాలి, ఎందుకంటే ధ్వని ఎక్కువగా వెనుకనుంచే వస్తుంది. పైన పెళ్లి ఫోటోల ఫ్రేములు, ఇత్తడి బొమ్మలు పేర్చకండి. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్కటి జీరగా అదురుతుంది, ఆ అదురు ఎక్కడిదో తెలియక ట్యూనర్‌ను పిలిచినవారు ఉన్నారు. దసరాకు ఆయుధపూజ చేసేవారు పెట్టె మీద బొట్టు పెట్టుకోవచ్చు, వెంటనే మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. అక్షతలు మాత్రం మెట్ల మీద చల్లకండి, బియ్యపు గింజ సందులో పడితే మెట్టు కదలదు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా. డబ్బు అడ్డు కాకపోతే కె-300 కన్నా 130 సెంటీమీటర్ల కె-500 తేడా చెవికి తెలిసేంత ఉంటుంది, యు1 నుంచి కొత్త యు3కి కూడా అంతే. హెడ్‌ఫోన్లతో వాయించుకొనే సైలెంట్ ఏర్పాటును యమహా 1993లోనే తెచ్చింది. పక్క ఫ్లాటు వాళ్లు రోజూ తలుపు తట్టే పరిస్థితి ఉంటే తప్ప, ఆ అదనపు సొమ్మును ఎత్తైన మోడల్ మీద పెట్టడం మంచిదంటాను. స్టైన్‌వే, బెక్‌స్టైన్ వంటి కంపెనీలు జర్మనీలో చేసే అప్‌రైట్‌ల నాదం గురించి ఎంత చెప్పినా తక్కువే గానీ, ఆ ధరకు జపాన్ గ్రాండ్ పియానోలే దొరుకుతాయి.

చివరగా కూర్చొనే బల్ల. పియానోతో పాటు ఉచితంగా ఇచ్చేది తరచుగా పుస్తకాలు దాచుకొనే పెట్టె ఉన్న బల్ల, దాని ఎత్తు మారదు. ఏడేళ్ల పిల్లకు, ఆమె తల్లికి ఒకే ఎత్తు సరిపోదు. మోచేయి మెట్లకు సమానంగా రావాలి కనుక, పక్కన పిడులు తిప్పితే లేచి దిగే బల్ల ఇమ్మని, తేడా సొమ్ము ఇస్తామని ధర మాట్లాడేటప్పుడే చెప్పండి. కాళ్లు నేలకు ఆనని పిల్లలకు కింద ఒక పీట వేయండి.